దేనికి కొట్టినవ్‌రా చప్పట్లు?

ఫుట్‌బాల్ మ్యాచ్ ఆఖరి విజిల్ పడగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఇండియా 1, మలేషియా 1. చుట్టూ ఇంకొందరు కూడా కొడుతున్నారు. పక్క సీట్లో మామయ్య మాత్రం కదల్లేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని గ్రౌండు వైపే చూస్తున్నాడు. కాసేపటికి తల తిప్పి, "దేనికి కొట్టినవ్‌రా చప్పట్లు?" అని అడిగాడు.

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు. నాకేం చెప్పాలో తోచలేదు. "ఓడిపోలేదు కదా మామా" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. మఫ్లర్ చెవులకు చుట్టుకుని లేచాడు.

అది నిన్న, సోమవారం, 2024 నవంబరు 18. ఇంటికొచ్చి పడుకునేసరికి పన్నెండయింది. ఇవాళ ఆఫీసులో లెడ్జర్ ముందేసుకుని కూర్చున్నా ఆ మాటే తిరుగుతోంది. రాసేస్తే గానీ తల తేలికపడేలా లేదు.

మామయ్య మా అమ్మ తమ్ముడు. డెబ్బై రెండేళ్లు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉన్నప్పుడు బస్తీ టీముకు ఎడమ అంచున, లెఫ్ట్ ఔట్‌గా ఆడేవాడు. మోకాలు దెబ్బతిని ఆట ఆపేశాడు గానీ చూడటం ఆపలేదు. నన్ను మొదటిసారి లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లింది ఆయనే, సైకిల్ ముందు కడ్డీ మీద తువ్వాలు మడిచి కూర్చోబెట్టి. దారి పొడుగునా మన ఊరి పాత ఫుట్‌బాల్ వాళ్ల పేర్లు చెప్పేవాడు. రహీం సాబ్, బలరాం, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ. మిగతా పిల్లలకు సినిమా హీరోల పేర్లు ఎట్లా నోటికొచ్చేవో నాకు ఈ పేర్లు అట్లా వచ్చాయి.

నిన్న కార్తీక సోమవారం. మామయ్య, అత్తయ్య ఇద్దరూ ఉపవాసం. పొద్దున్నుంచి మంచినీళ్లు, టీ తప్ప ఏమీ లేదు. చుక్క కనిపించాకే తినాలి. "ఇంత నీరసంతో అంత దూరం ఎందుకండీ, టీవీలో చూడొచ్చుగా" అని అత్తయ్య నాలుగైదుసార్లు అంది. ఆయన వినలేదు. అత్తయ్య చివరికి ఒక డబ్బాలో పులిహోర, నాలుగు అరటిపళ్లు సంచిలో పెట్టి మా అమ్మాయి చేతికిచ్చింది. "తాత తినేదాకా లోపలికి పోనియ్యకు" అని చెప్పి మరీ పంపింది. మా అమ్మాయి ఏడో తరగతి. ఆ మాట పట్టుకుని మెట్టుగూడలో మెట్రో ఎక్కినప్పటి నుంచి రాయదుర్గంలో దిగేదాకా సంచిని ఒళ్లోంచి దించలేదు.

ఆటో దిగి స్టేడియం గోడ పక్కన నిలబడి ముగ్గురం ఆకాశంలోకి చూశాం. గచ్చిబౌలిలో చుక్క వెతకడం తేలిక కాదు. ఎటు చూసినా కంపెనీల లైట్లు. పైగా స్టేడియం ఫ్లడ్‌లైట్లు. చివరికి అమ్మాయే పడమటి వైపు ఒకటి చూపించింది. మామయ్య చెప్పులు విప్పి ఆ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడు. ఫుట్‌పాత్ మీద కూర్చుని పులిహోర తిన్నాం. పక్కనే నీలం జెర్సీలేసుకున్న కాలేజీ పిల్లలు డ్రమ్ములు సర్దుకుంటున్నారు. ఒకబ్బాయి మామయ్య బుగ్గ మీద మూడు రంగులు వేస్తానన్నాడు. ఆయన నవ్వి బుగ్గ చూపించాడు. ఆ రంగు ఇంటికొచ్చేదాకా అట్లాగే ఉంది.

ఈ ఏడాది అక్కడికి వెళ్లడం ఇది రెండోసారి. సెప్టెంబరు 3న ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో మ్యాచ్‌కి కూడా మేమే ముగ్గురం వెళ్లాం. ఆ వారం ఎవరికీ మనసు బాగాలేదు. ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది, విజయవాడలో బుడమేరు సగం ఊరిని ముంచింది, మహబూబాబాద్ వైపు రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి బళ్లన్నీ ఆగిపోయాయి. మామయ్య రోజంతా పాత స్నేహితులకు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు, పట్టాలు ఎప్పటికి సర్దుతారని. నాలుగు రోజుల్లో వినాయక చవితి. లారీల మీద పాలిథీన్ కవర్లు కప్పిన వినాయకులు ట్రాఫిక్‌లో మా ఆటో పక్కనే కదిలేవి. అయినా వెళ్లాం. ఎందుకంటే ఆ రోజు మనోలో మార్కెజ్ ఇండియా కోచ్‌గా చేసే మొదటి మ్యాచ్, అదీ హైదరాబాద్‌లో.

మనోలో అంటే ఈ ఊరివాళ్లకు ఒక అభిమానం ఉంది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. గోవాలోని ఫాతోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్‌తో. 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో 1-1 అయ్యింది, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. కరోనా మూలంగా ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది. మన జట్టు చాంపియన్ అయిన ఏడాది మన ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మామయ్య, నేను టీవీ ముందు నిలబడే చూశాం, కూర్చుంటే ఏమవుతుందో అని. మనోలో వెళ్లిపోయిన తర్వాత సీజన్‌లో అదే జట్టు ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ కథ తలచుకుంటేనే బాధ. ఇక్కడ వద్దు.

కాబట్టి సెప్టెంబరులో ఆశ పెట్టుకునే వెళ్లాం. ఫిఫా ర్యాంకుల్లో ఇండియా 124, మారిషస్ 179. పన్నెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న దీవి. 0-0. బంతి మన కాళ్ల దగ్గరే ఉంది, కానీ ఏం చేయాలో ఎవరికీ తెలియనట్టు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరుగుతూ ఉండిపోయింది. డ్యూరాండ్ కప్ ఫైనల్ ఆగస్టు 31న అయింది, ఐఎస్ఎల్ ఇంకా మొదలే కాలేదు, సరైన ప్రాక్టీసు లేదు. అవన్నీ నిజమే. అయినా ఆ రాత్రి స్టేడియం మెట్లు దిగుతున్నప్పుడు అందరిలో కోపం ఉంది. మా వెనక ఒకాయన బాటిల్ నేలకేసి కొట్టాడు. ఎవరో కుర్రాడు "మారిషస్‌తో కూడానా?" అని అదే మాట పది మెట్లకోసారి అంటూ దిగాడు. నేనూ ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు. ఆరు రోజులకు అక్కడే సిరియా చేతిలో 0-3తో ఓడిపోయాం. దానికి నేను వెళ్లలేదు.

ఒక సంగతి మాత్రం ఆ రోజూ అనుకున్నాను, నిన్నా అనుకున్నాను. మన ఊరొచ్చి డ్రా చేసుకుని వెళ్లిన రెండు దేశాల్లోనూ తెలుగువాళ్లున్నారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరుకు తోటల పనికి మారిషస్ వెళ్లినవాళ్ల మనవలు, రబ్బరు తోటలకు మలేషియా వెళ్లినవాళ్ల మనవలు. మారిషస్‌లో ఉగాదికి దేశమంతా సెలవు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లో జరిగితే మూడోవి 1990లో మారిషస్‌లో జరిగాయి. అక్కడ కూడా ఏ ఇంట్లోనో ఈ మ్యాచ్ పెట్టుకుని, నాలాంటివాడే ఒకడు ఎటు అరవాలో తేల్చుకోలేక కూర్చున్నాడేమో.

నిన్నటి మ్యాచ్‌కి వస్తాను.

మలేషియా ర్యాంకు 133, మనది 125. పేరుకు ఫ్రెండ్లీ గానీ ఏషియన్ కప్ క్వాలిఫయర్స్ డ్రాలో మొదటి పాట్‌లో, అంటే పై ర్యాంకు జట్ల గుంపులో, ఉండాలంటే ర్యాంకు పడిపోకూడదు. అందుకే టెన్షన్‌గానే కూర్చున్నాం. జనవరిలో దెబ్బ తగిలించుకున్న డిఫెండర్ సందేశ్ ఝింగన్ ఇన్ని నెలల తర్వాత మళ్లీ దిగాడు. ఆయన వార్మప్‌కి వస్తుంటేనే మా స్టాండ్ లేచి నిలబడింది.

గచ్చిబౌలిలో ఒక ఇబ్బంది ఉంది. అది అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం. గ్యాలరీకీ గ్రౌండుకీ మధ్య రన్నింగ్ ట్రాక్. ఆటగాడి మొహం కనిపించదు, బంతి తన్నిన చప్పుడు వినిపించదు. జెర్సీ, నడక చూసి గుర్తుపట్టాలి. మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కళ్లు చిట్లించి చూస్తాడు. నంబరు చదవకుండానే "వాడు ఎడమ కాలు ఆటగాడు" అని చెప్పేస్తాడు.

19వ నిమిషంలో గోల్ పడింది, మన గోల్‌లోనే. మన డిఫెన్స్ మీదుగా బంతి వెనక్కి వచ్చింది. మన గోల్‌కీపర్, ఆరడుగులు దాటిన మనిషి గుర్‌ప్రీత్, బాక్స్ వదిలేసి ముందుకు పరిగెత్తుకొచ్చాడు. అంత దూరం నుంచి కూడా నాకు ఆ పరుగులోనే ఏదో తేడా కనిపించింది. మొదట నాలుగు అడుగులు వేగంగా వేశాడు, తర్వాత ఒక్క అడుగు తడబడ్డాడు. ఆ ఒక్క అడుగే. బంతి ఆయన్ని దాటి పక్కకు పోయింది. మలేషియా ఆటగాడు పాలో జోసుయే పరిగెత్తుకొచ్చి, ఎవరూ లేని గోల్‌లోకి మెల్లగా తోశాడు. ఖాళీ గోల్ వైపు బంతి దొర్లుకుంటూ పోతుంటే స్టేడియం అంతా నిశ్శబ్దం. డ్రమ్ములు ఆగిపోయాయి. గుర్‌ప్రీత్ బాక్స్ బయట అట్లాగే నిలబడిపోయాడు. వెనక్కి నడిచి గోల్ పోస్టు దగ్గరికి చేరడానికి ఆయనకు చాలాసేపు పట్టినట్టు అనిపించింది.

"ముంగటికి రావాలనుకున్నోడు వచ్చేయాలె. ఆగాలనుకున్నోడు ఆగాలె. నడుమ నిలబడొద్దు" అన్నాడు మామయ్య.

వెనక వరుసలో ఒకతను గుర్‌ప్రీత్‌ని నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టాడు. అమ్మాయి పక్కనుంది. నేను వెనక్కి తిరిగి, "అన్నా, పోయిన నెల వియత్నాంలో పెనాల్టీ ఆపింది ఈయనే" అన్నాను. అతను తగ్గాడు. నేను గుర్‌ప్రీత్‌ని వెనకేసుకురావడం లేదు. తప్పు తప్పే. కానీ పన్నెండేళ్లకు పైగా ఈ జట్టు కోసం దెబ్బలు తిన్న మనిషిని ఒక్క అడుగుకి అన్ని మాటలు అంటే నాకు కష్టంగా ఉంటుంది.

39వ నిమిషంలో మనకు కార్నర్ వచ్చింది. బ్రాండన్ తీసుకోవడానికి వెళ్లాడు. అప్పుడు మామయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. నా చిన్నప్పుడూ అంతే. కార్నర్ వస్తే ఆయన చేయి ఎవరిదో ఒకరిది పట్టుకోవాలి. బంతి గాల్లో వంపు తిరిగి వస్తుంటే ఆ పట్టు బిగుసుకుంటూ వచ్చింది. రాహుల్ భేకే లేచాడు. తల తగలకముందే మామయ్య సగం లేచి నిలబడ్డాడు. అది గోల్ అని ఆయనకు ముందే తెలిసిపోయింది. వల కదిలింది. అమ్మాయి అరుపుకి నా చెవి గింగిర్లు తిరిగింది. ముందు వరుసలో ఎవరో తెలియని అబ్బాయి వెనక్కి తిరిగి మామయ్యని కావలించుకుంటే ఆయన బుగ్గ మీది పచ్చరంగు వాడి చొక్కాకి అంటుకుంది. ఇద్దరూ పట్టించుకోలేదు. ఉపవాసం ఉన్న మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగిందో.

ఆ ఒక్క నిమిషం కోసమైతే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

హాఫ్ టైంలో అమ్మాయి ఫోన్‌లో జట్టు జాబితా తెరిచి, "తాతా, వీళ్లలో మన ఊరివాళ్లు ఎవరు?" అని అడిగింది. మామయ్య ఫోన్ తీసుకుని పేరు పేరునా వేలు కిందికి జరుపుతూ చదివాడు. మణిపూర్, మిజోరం, గోవా, పంజాబ్, కేరళ. చివరిదాకా వెళ్లి ఫోన్ తిరిగిచ్చేశాడు. "లేరమ్మా" అన్నాడు.

"ఎందుకు లేరు?"

ఆయన వెంటనే చెప్పలేదు. టీ రెండు గుక్కలు తాగాక మొదలుపెట్టాడు. నాకు సైకిల్ కడ్డీ మీద చెప్పిన కథే. అయితే ఈసారి నేను పక్క నుంచి విన్నాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ ఎట్లా గెలిచిందో చెప్పాడు. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన ఇండియాకి కోచ్ అయ్యి 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. "నాలుగో స్థానమా? ఒలింపిక్స్‌లోనా? మనమా?" అని అమ్మాయి మూడుసార్లు అడిగింది. మల్కాజిగిరి, సఫిల్‌గూడ దాటితే వచ్చే అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడని చెప్తే, "అమ్ముగూడ అంటే మన ఎంఎంటీఎస్ స్టేషనేనా?" అంది. అవును, ఆ స్టేషనే. బలరాం పోయిన ఏడాది ఫిబ్రవరిలో బెంగాల్‌లో కన్నుమూశారు. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న, ఈ ఊళ్లోనే. ఆ రెండు రోజులూ మామయ్య ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు.

రహీం సాబ్ గురించి ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఒకటుంది. కుర్రాళ్లకు రెండో కాలు కూడా రావాలని బలహీనమైన కాలితోనే ఆడే టోర్నమెంట్లు, డ్రిబ్లింగ్ చేయకూడదనే మ్యాచులు పెట్టించేవారని పాత ఆటగాళ్లు చెప్పుకునేవాళ్లు. "పాస్ ఇయ్యి, ఉరుకు, మళ్ల తీస్కో. గంతే ఆట. గ మాట డెబ్బై ఏండ్ల కిందనే ఈ ఊర్ల చెప్పిన్రు" అన్నాడు మామయ్య, గ్రౌండు వైపు చేయి చూపిస్తూ.

అమ్మాయి తాత మాటల్లోంచి తేరుకుని, "సౌమ్యక్క ఉందిగా" అంది. నిజమే. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఇండియా మహిళల జట్టుకి ఆడుతోంది. మామయ్యకి ఆ పేరు తెలియదు. అమ్మాయి వీడియో పెట్టి చూపించింది. రెండో హాఫ్ మొదలైన రెండు నిమిషాల దాకా ఆయన ఆ వీడియోనే చూశాడు.

రెండో హాఫ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నలభై ఐదు నిమిషాలు ఎదురుచూశాం. ఛాంగ్తే పక్క నుంచి పరుగు తీసినప్పుడల్లా లేచాం, కూర్చున్నాం. బంతి వింగ్ మీదికి పోతుంది, అక్కడి నుంచి లోపలికి వస్తుంది, లోపల అందుకునేవాడు ఉండడు. మళ్లీ వెనక్కి. "ఎనక్కి ఆడుతరు, ఎనక్కి ఆడుతరు. గోలు ముంగట ఉన్నది బాబూ" అని మామయ్య తనలో తనే అనుకుంటున్నాడు. 75 దాటాక వెనక కుర్రాళ్లు మొదలుపెట్టారు. "ఛెత్రీ ఉంటేనా" అని ఒకడు. "ఉన్నప్పుడు కువైట్ మీద కూడా ఇంతే కదరా" అని ఇంకొకడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. సునీల్ ఛెత్రీ 151 మ్యాచుల్లో 94 గోల్స్ కొట్టి జూన్ 6న కోల్‌కతాలో వీడ్కోలు తీసుకున్నాడు. కువైట్‌తో ఆ వీడ్కోలు మ్యాచ్ కూడా సొంతగడ్డ మీద 0-0నే. ఆయన తర్వాత ఎవరు అని పదేళ్ల నుంచి అడుగుతున్నాం. నా అభిప్రాయం ఇది. 2014లో ఐఎస్ఎల్ మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క సీజన్‌లో కూడా, ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ భారతీయుడికి రాలేదు. మైదానంలో నలుగురు విదేశీయుల్ని దింపొచ్చు. ఏ క్లబ్బయినా ఆ నలుగురిలో ఒకణ్ణి తప్పకుండా గోల్ ముందే నిలబెడుతుంది. మన కుర్రాడు సెంటర్ ఫార్వర్డ్‌గా పెరిగినా క్లబ్బుకి వచ్చాక వింగ్‌కి పోతాడు, లేదా బెంచి మీద కూర్చుంటాడు. ఏడాది పొడుగునా వింగ్‌లో ఆడినవాడిని ఇండియా జెర్సీ వేసి "గోల్ కొట్టు" అంటే ఎక్కడ నిలబడాలో వాడికి ఎట్లా తెలుస్తుంది? మనోలోని తిట్టేవాళ్లు ఈ ఒక్కటి ఆలోచించాలి. విదేశీ స్ట్రైకర్ ఒగ్బెచే ఉన్నాడు కాబట్టే హైదరాబాద్‌లో ఆయన ఆట పండింది. ఆ ఏడాది ఒగ్బెచే పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. ఇండియాకి ఒగ్బెచే లేడు.

అయితే క్లబ్బులదే తప్పని వదిలేయను. వెనక్కి ఆడటానికి స్ట్రైకర్ అక్కర్లేదు కదా. ఎదుటివాడు మనకంటే కింది ర్యాంకువాడు, మన ఊరు, మన జనం, స్కోరు సమానం, పది నిమిషాలే మిగిలాయి. అప్పుడు కూడా త్రో తీసుకోవడానికి అంత తీరిక ఎందుకు? నాకు అక్కడే కడుపు మండింది.

విజిల్ పడింది. నేను చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు ఆలోచిస్తే నాకు అర్థమైంది ఇది. సెప్టెంబరులో మారిషస్‌తో డ్రా అయితే కోపం వచ్చింది. నవంబరులో మలేషియాతో డ్రా అయితే హమ్మయ్య అనిపించింది. డెబ్బై ఆరు రోజుల్లో నేను ఆశపడేది అంత కిందికి జారిపోయింది. నాకే తెలియకుండా. ఈ ఏడాది ఇండియా పదకొండు మ్యాచులు ఆడింది. ఆరు ఓడింది, ఐదు డ్రా చేసుకుంది. ఒక్కటీ గెలవలేదు. మనం ఆఖరిసారి గెలిచింది పోయిన ఏడాది నవంబరు 16న, కువైట్‌లో. ఏడాది దాటింది. గెలుపు ఎట్లా ఉంటుందో మరిచిపోయిన మనిషి చప్పట్లు అవి. మామయ్య ఆగిపోయింది అక్కడే. ఆయన రహీం సాబ్ కాలం పేర్లు వింటూ పెరిగాడు. ఆయన దృష్టిలో ఇండియా సొంత ఊళ్లో గెలవాల్సిన జట్టు. ఇప్పటికీ.

బయటికి వస్తుంటే మెట్ల మీద రకరకాల మాటలు వినిపించాయి. కేరళ కుర్రాళ్ల గుంపు ఒకటి గుర్‌ప్రీత్ బదులు ఎవరిని పెట్టాలో వాదించుకుంటోంది. ఒక తండ్రి ఏడుస్తున్న బాబుని భుజాన వేసుకుని "మార్చిలో గెలుస్తాం నాన్నా" అని సముదాయిస్తున్నాడు. డ్రమ్ముల కుర్రాళ్లు మాత్రం గేటు దాటాక కూడా వాయిస్తూనే ఉన్నారు. మొహాల్లో నవ్వు లేదు, చేతులు ఆగలేదు. వాళ్లను చూస్తే నాకు గొంతు పట్టేసింది.

మెట్రోలో మామయ్యకి సీటు దొరికింది. అమీర్‌పేట దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, "నిన్ను తప్పు పట్టలేదురా. ఆడినోళ్లకు కొట్టాలె, కొట్టు. కానీ మనకు ఇంకా ఎక్కువ ఆశ ఉన్నదని వాళ్లు తెల్సుకోవాలె కదా. మనమే సాలు అంటే వాళ్లు కూడా సాలనుకుంటరు" అన్నాడు. ఆ మాట గుర్‌ప్రీత్‌ని తిట్టినవాడి మాటకంటే గట్టిగా తగిలింది నాకు. ఆయన తిట్టలేదు, లేచి వెళ్లిపోలేదు, ఆఖరి నిమిషం దాకా కళ్లు చిట్లించుకుని చూశాడు. చప్పట్లు మాత్రం గెలిచినప్పటికి దాచుకున్నాడు.

మెట్టుగూడలో దిగేసరికి ఆయనకు మోకాలు పట్టేసింది. లిఫ్ట్ దాకా నా భుజం మీద చేయి వేసి నడిచాడు. ఇంటి దగ్గర అత్తయ్య తులసి కోట ముందు దీపం కొండెక్కకుండా చూసుకుంటూ మేలుకునే ఉంది. "ఎవరు గెలిచారండీ?" అని అడిగింది.

"ఎవ్వరూ గెలవలే" అన్నాడు.

"మరి ఆ మొహానికి రంగేంటి?"

అప్పుడు నవ్వాడు, మ్యాచ్ అయ్యాక మొదటిసారి. బుగ్గ తడుముకుని వేలికి అంటిన రంగు చూసుకున్నాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి, గోడకున్న క్యాలెండర్ దగ్గర నిలబడి ఒక పేజీ తిప్పాడు. డిసెంబరే, అంతకు మించి లేదు.

"మార్చిల ఎప్పుడురా ఆ క్వాలిఫయర్స్?"

"తేదీలు ఇంకా చూడలేదు మామా. డిసెంబరు 9న డ్రా తీస్తారు. ఎవరితో ఆడాలో అప్పుడు తెలుస్తుంది."

జేబులోంచి పెన్ను తీసి డిసెంబరు 9 చుట్టూ గీత గీశాడు. "మార్చిది కొత్త క్యాలెండర్ల రాసుకుంట" అని చెప్పి, అమ్మాయి చేతిలోని ఖాళీ డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు.